సంక్రాంతి అచ్చు కార్డులో గీతను, రంగును, నైరూప్యాన్ని చదవడం ఎలా?

ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో చేతితో చెక్కి అచ్చు వేసిన సంక్రాంతి కార్డు మీకు అందితే, అందులో ఏ బొమ్మ ఉందో తేల్చుకునే ముందు దానిని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని చూడండి. ఇలాంటి కార్డును లినోలియం అనే మెత్తని పదార్థపు పలకను చెక్కి, సిరా పూసి అచ్చు వేస్తారు; పలకపై ఉలి తొలగించిన చోట సిరా అంటదు. చెక్కకుండా మిగిల్చిన ఎత్తు భాగమే కాగితం మీదికి దిగుతుంది. ఈ సంగతి గుర్తుంటే చదవడం సగం పూర్తయినట్టే.

ముదురు నీలం నేపథ్యంలో తెల్లని ఒంగోలు గిత్త, దాని వెనుక పసుపు సూర్యబింబం, కాళ్ల కింద ముగ్గు ఉన్న రెండు రంగుల కార్డును తీసుకుందాం. గిత్త తెలుపు కాగితపు తెలుపే కనుక, దాని ఒంటిని గీయలేదు, చెక్కి తీసేశారు. ముగ్గులోని తెల్లగీత ‘వి’ ఆకారపు ఉలి ఒక్కసారి నడిస్తే వస్తుంది. సన్నగా మొదలై, ఉలి లోతుకు దిగిన చోట లావై, చివర మళ్లీ సన్నబడుతుంది. గంగడోలు మడతలను చూపే నీలిగీతల సంగతి వేరు: అవి రెండు వైపులా చెక్కి మధ్యలో నిలిపిన సన్నని గట్లు. అవి ఎక్కడా తెగకుండా, వణకకుండా సాగితే అది చెయ్యి తిరిగిన పని. ‘శుభాకాంక్షలు’ అన్న మాటనూ వదలకండి; పలక మీద తిరగేసి చెక్కవలసిన మన గుండ్రని అక్షరాలలో తలకట్టు, వత్తు కుదరడం మాటలు కాదు.

రంగుల విషయంలో అంచులు చూస్తే చాలు. లేత రంగును ముందు, ముదురు రంగును తరువాత వేయడం సాధారణ పద్ధతి కాబట్టి, పలుచని నీలం పసుపు మీదికి ఎక్కిన చోట ఆకుపచ్చ అంచు కనిపిస్తుంది. సూర్యుడు వెంట్రుకవాసి జరిగి మూపురం మీదికి వస్తే దానిని లోపంగా లెక్కించనక్కరలేదు. గిత్త కన్నే కప్పబడితే మాత్రం అది లోపమే. కార్డు వెనుక నిగనిగలాడే రాపిడి జాడలుంటే, ప్రెస్ లేకుండా చెక్క గరిటెతో రుద్ది అచ్చు దింపారని ఊహించవచ్చు. ఉదయగిరి గరిటెల వంటి నునుపైనవి ఈ పనికి చక్కగా ఒదుగుతాయి.

నైరూప్యం, అంటే రూపాన్ని ఉన్నదున్నట్టు కాక కొన్ని గుర్తులతోనే చూపడం, అనగానే బెదిరిపోనక్కరలేదు. చుక్కల చుట్టూ నాలుగు మెలికలు తిప్పితే అందులో తామరను చూసే కళ్లు మనవి. చిత్రకారుడు ఏం వదిలేశాడో, ఏం ఉంచాడో వేరువేరుగా గమనించండి. వెంట్రుకలు, గిట్టలు, పక్కటెముకలు పోయినా ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు ఉన్నంతవరకు అది ఒంగోలు జాతి గిత్తే. మూపురాన్ని బొటనవేలితో మూసి చూడండి. బొమ్మ ఏ ఊరి ఎద్దో తెలియకుండా పోతే, దాని బలమంతా ఆ ఒక్క వంపులోనే ఉందన్నమాట. పొంగలి కుండ, చెరకు గడలు, గాలిపటాలు, హరిదాసు అన్నీ ఒకే కార్డులో కిక్కిరిసి ఉంటే పండుగ సామగ్రి జాబితా కనిపిస్తుందే తప్ప, చూసేవారు పూరించుకోవడానికి ఏమీ మిగలదని నా అభిప్రాయం.

కింది అంచున పెన్సిలుతో 7/30 అని ఉంటే, 30 ప్రతుల్లో ఇది 7వ సంఖ్య వేసినదని అర్థం. వాటిలో మరొకటి తెలిసినవారి ఇంటికి వచ్చి ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టండి: రోలర్ సిరా ఎక్కడ పలచబడిందో, పసుపు ఎటు జరిగిందో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.