చిత్రలేఖన బోధన – 4వ పాఠం: తరగతి చూశాక పాఠ్యపథకాన్ని దిద్దుకోవడం

గత పాఠంలో ఏడో తరగతికి, 45 నిమిషాల పీరియడ్‌కు సరిపడేలా, శ్రీకాళహస్తి కలంకారీ నెమలిపై పాఠ్యపథకం రాసుకున్నాము: 15 నిమిషాలు చరిత్ర, 10 నిమిషాలు నల్లబల్లపై బొమ్మ, 20 నిమిషాలు పిల్లల అభ్యాసం. తిరుపతిలోని ఒక ఉన్నత పాఠశాలలో మీరు ఆ పాఠం చెప్పారని, పదో నిమిషానికే వెనుక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయని అనుకుందాము.

పిల్లలకు ఆసక్తి లేదని తేల్చేసి అంశాన్నే మార్చడం ఛాత్రోపాధ్యాయులు (బోధనలో శిక్షణ పొందుతున్నవారు) తరచుగా చేసే తొందరపాటు. ముందుగా పథకం అంచున రెండు సంగతులు రాసుకోండి: ఏ నిమిషంలో చూపులు పక్కకు మళ్లాయి, అప్పుడు పిల్లల చేతుల్లో ఏముంది. చేతులు ఖాళీగా ఉన్నాయనే జవాబు చాలాసార్లు వస్తుంది.

కాబట్టి చరిత్రను తీసివేయకుండా పనిలోకి జరపాలి. మచిలీపట్నంలో అచ్చులతో అద్దుతారని, శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారని నోటితో చెబితే పరీక్ష జవాబులా ఉంటుంది. కలం కడుతూ ఉండగా అదే మాట చెబితే చెవికెక్కుతుంది. వెదురుపుల్ల మొన చెక్కి, దానికి కాస్త పైన గుడ్డపేలిక చుట్టి దారంతో బిగిస్తే, ఆ చుట్టు రంగును పీల్చుకొని, వేలితో నొక్కినప్పుడు మొనకు వదులుతుంది. చెక్కడం మీరు ఇంటివద్దే ముగించి, చుట్టడం, కట్టడం మాత్రం పిల్లలకు వదలండి; తరగతి గదిలో చాకు తీయకూడదు.

నల్లబల్లపై నెమలికి బదులు ఐదు నిమిషాల ప్రదర్శన పెట్టండి. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టిన నూలు గుడ్డపై, ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో ఊరబెట్టి వడగట్టిన ద్రావణంతో గీస్తే, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి ఆ గీత కళ్లముందే నల్లబడుతుంది. ద్రావణం ఊరడానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక పాఠం తేదీని దాన్నిబట్టే నిర్ణయించుకోవాలి. (వాసన సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిది.) ఆ నలుపు చెరగదని చూసిన పిల్లలకు రబ్బరు ఎందుకు పక్కన పెట్టాలో వేరే వివరించనక్కరలేదు.

అయితే రబ్బరు లేదనగానే బిడియపడే పిల్లలు కాగితాన్ని ముట్టుకోరు. శ్రీకాళహస్తి కళాకారులు కూడా మొదట చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీసుకొని తరువాతే కలం పడతారు కాబట్టి, పాత వార్తాపత్రికపై బొగ్గుతో నెమలి మెడ వంపును మాత్రమే పదిసార్లు గీయించండి. ఆపైన మామూలు నల్లసిరా, కలం ఇవ్వండి. మొత్తం నెమలి ఆ రోజు పూర్తికాకపోయినా నష్టం లేదు.

దిద్దిన పథకంలో కలం కట్టడానికి 10, ప్రదర్శనకు 5, బొగ్గుగీతకు 10, కలంగీతకు 20 నిమిషాలు ఉంటాయి. దీన్ని మరో సెక్షన్‌లో అమలుచేసి, చూపులు మళ్లిన నిమిషాన్ని మళ్లీ అంచున గుర్తించి, రెండు పథకాలనూ వచ్చే పాఠానికి దగ్గర ఉంచుకోండి. మార్కులు వేయకుండా పిల్లల గీతలను పరిశీలించే పద్ధతిని వాటితోనే మొదలుపెడదాము.