మీట్‌కు ట్రాన్స్ అమ్మాయి పేరిస్తే: కమిటీ వాళ్ళు ఏం చేయాలి

సంక్రాంతికీ, పరుషలకూ, కాలేజీ వార్షికోత్సవాలకూ పరుగు పందేలు, కబడ్డీ, వాలీబాల్ పెట్టే మా అనంతపురం జిల్లా కమిటీల కోసం ఇది రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పెళ్ళికి ముందు 400 మీటర్లు పరిగెత్తేదాన్ని. ఈమధ్య గుంతకల్లు నుంచీ తాడిపత్రి నుంచీ కమిటీ పిల్లలు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "మేడం, ఒక ట్రాన్స్ అమ్మాయి ఆడవాళ్ళ 100 మీటర్లకు పేరిచ్చింది. తీసుకోవాలా, వద్దా?"

ట్రాన్స్ అమ్మాయి అంటే మగపిల్లాడిగా పుట్టి, అమ్మాయిగా బతికే మనిషి. ఆ ఫోన్ ఎక్కువగా మీట్ ముందు రోజు రాత్రి వస్తుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఎంట్రీలు తెరవకముందే నియమం రాసి పెట్టుకోవాలి. ఒక మనిషి పేరు ఎదురుగా పెట్టుకుని రాస్తే ఎంత మంచి నియమమైనా ఆ మనిషి మీద తీర్పులాగే వినిపిస్తుంది.

ముందు మీరు పెట్టేది ఏ రకం మీటో చూసుకోండి. స్కూల్ గేమ్స్ సెలెక్షన్, జిల్లా అసోసియేషన్ మీట్ లాంటివైతే నియమాలు పైనుంచి వస్తాయి, మీ ఇష్టం ఉండదు. అంతర్జాతీయంగా గాలి ఎటు ఉందో తెలుసుకుంటే మంచిది. పరుగు, జంప్, త్రో పోటీల అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ అథ్లెటిక్స్ 2023 మార్చి 31 నుంచి, మగ యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలను మహిళల విభాగంలోకి తీసుకోవడం ఆపేసింది. 2025 సెప్టెంబర్ నుంచి మహిళల విభాగంలో పోటీపడేవాళ్ళకు జీవితంలో ఒకసారి జన్యు పరీక్ష పెట్టింది. ఈత సమాఖ్య 2022లోనే, క్రికెట్‌లో ఐసీసీ 2023 నవంబర్‌లో ఇలాంటి నిర్ణయమే తీసుకున్నాయి. ఐసీసీది అంతర్జాతీయ మ్యాచ్‌లకే, దేశంలో జరిగే ఆటల సంగతి ఆయా బోర్డులకే వదిలేసింది. కాబట్టి సెలెక్షన్ మీట్ అయితే మీ అసోసియేషన్ కార్యదర్శిని ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట గ్రౌండ్‌లో పనికిరాదు.

ఊరి 5కే రన్, నడక, సరదా రిలేలు అయితే నియమమే అక్కర్లేదు. వచ్చినవాళ్ళందరినీ పరిగెత్తనివ్వండి. ప్రైమరీ స్కూలు పిల్లల పోటీల్లో కూడా ఈ ప్రశ్న ఎత్తొద్దు. ఈడొచ్చే వయసుకు ముందు ఆడ, మగ పిల్లల పరుగులో తేడా చాలా తక్కువ.

కష్టమంతా ప్రైజు, మెడల్ ఉన్న పెద్దల పోటీల్లో. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మగ యుక్తవయసు దాటి వచ్చినవాళ్ళు ఆడవాళ్ళ పందెంలో మెడల్ కోసం పోటీపడకూడదు.

ఎందుకో లెక్కలు చూడండి. 100 మీటర్లలో మగవాళ్ళ ప్రపంచ రికార్డు 9.58 సెకన్లు, ఆడవాళ్ళది 10.49. లాంగ్‌జంప్‌లో 8.95 మీటర్లు, 7.52 మీటర్లు. షాట్‌పుట్ గుండు వాళ్ళకు 7.26 కిలోలు, మాకు 4 కిలోలు. ఇదంతా కష్టంలో తేడా వల్ల వచ్చింది కాదు. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఎముకను పొడవు చేస్తుంది, కండను పెంచుతుంది, గుండెనూ ఊపిరితిత్తులనూ పెద్దవి చేస్తుంది. తర్వాత హార్మోన్ మందులు వాడితే కొంత తగ్గుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్ నాలుగు నెలల్లోపే ఆడవాళ్ళ స్థాయికి వచ్చేస్తుంది. కండ మాత్రం ఏడాది మందులు వాడినా తగ్గేది 5 శాతం దగ్గరే. ఎత్తు, ఎముక పొడవు అసలు మారవు. అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగుల ఫిట్‌నెస్ రికార్డులు చూసిన ఒక అధ్యయనంలో, రెండేళ్ళ మందుల తర్వాత ట్రాన్స్ మహిళలకు పుషప్స్, సిటప్స్‌లో ఉన్న ఆధిక్యం పోయింది. మైలున్నర పరుగులో మాత్రం అప్పటికీ 12 శాతం ముందున్నారు.

అలాగని వాళ్ళు వస్తే ప్రతిసారీ గెలుస్తారనేది కూడా అబద్ధం. న్యూజిలాండ్ వెయిట్‌లిఫ్టర్ లారెల్ హబ్బర్డ్ టోక్యో ఒలింపిక్స్‌లో మూడు ప్రయత్నాల్లో ఒక్కటి కూడా సరిగా ఎత్తలేకపోయింది. కానీ నా దగ్గరకొచ్చే ఆడపిల్లల సంగతి వేరు. ఉరవకొండ వైపు పల్లెల్లో ఒక మెడల్ వస్తేనే తండ్రి మరుసటి ఏడాది ప్రాక్టీసుకు పంపుతాడు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందన్న ఆశతో పెళ్ళి ఒక ఏడాది వాయిదా పడుతుంది. మూడో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య అంత బరువు ఉంది. ఆ వరుసను నేను కాపాడతాను.

అంతమాత్రాన ట్రాన్స్ అమ్మాయిని గేటు దగ్గరే వెనక్కి పంపడం ఎంతమాత్రం కుదరదు. 2014లో సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో వాళ్ళ గుర్తింపు హక్కును ఒప్పుకుంది. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం వివక్షను నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, ఇంట్లోంచి గెంటేస్తే బతుకుతూ, పొద్దున్నే లేచి షూ కట్టుకుని గ్రౌండ్‌కు వచ్చిన మనిషి ఆమె. ఆమెకు చోటు చూపించడం కమిటీ పని.

ఆ చోటు ఎలా ఉండాలో చెప్తాను. "ఓపెన్" అని విడిగా ఒక విభాగం రాసి చేతులు దులుపుకోవద్దు. 2023లో బెర్లిన్ ఈత వరల్డ్ కప్‌లో అలాగే ఓపెన్ విభాగం పెడితే ఒక్క ఎంట్రీ కూడా రాలేదు. ఒంటరిగా లైన్‌లో నిలబడి అందరి కళ్ళకూ ప్రదర్శన కావడానికి ఎవరు ముందుకొస్తారు? అందుకని మగవాళ్ళ పందేనికే "ఓపెన్" అని పేరు మార్చండి. ట్రాన్స్ మహిళలు అదే హీట్‌లో, అదే విజిల్‌కు పరిగెత్తుతారు. వాళ్ళ ఫలితం విడిగా రాయండి. మెడల్ ఉందని పాంప్లెట్‌లోనే చెప్పండి, ఒక్కరే వచ్చినా ఇవ్వండి. హార్మోన్లు వాడే అమ్మాయి మగవాళ్ళ పక్కన వెనకబడుతుంది. ఈ పద్ధతి ఆమెకు పూర్తి న్యాయం చేయదని నాకు తెలుసు. విడి ఫలితం, విడి మెడల్ అడిగేది అందుకే. ఐదారుగురు వస్తే వాళ్ళకే ఒక పందెం పెట్టండి. కేరళ స్పోర్ట్స్ కౌన్సిల్ 2017లో ట్రాన్స్‌జెండర్లకోసమే తిరువనంతపురంలో అథ్లెటిక్ మీట్ పెట్టింది. క్యారమ్స్, చెస్ లాంటివాటిలో కండ పని లేదు, అక్కడ మహిళల బోర్డు మీదే కూర్చోనివ్వండి. కబడ్డీలో, తాడు లాగుడులో మాత్రం దెబ్బలు తగిలే భయం కూడా ఉంటుంది, పరుగు నియమమే పెట్టండి.

పాంప్లెట్‌లో ఈ నాలుగు ముక్కలు చాలు: "పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైనవారు మహిళల విభాగానికి అర్హులు. మగ యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలకు ఓపెన్ విభాగంలో విడి ఫలితం, విడి మెడల్ ఉంటాయి. సందేహాలకు ఎంట్రీలు చూసే టీచరమ్మను అడగండి. శరీర పరీక్షలు ఉండవు."

ఆ చివరి వాక్యం తీసేయాలని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు. ఒక మీట్‌లో నా కళ్ళ ముందే జరిగింది. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన పద్నాలుగేళ్ళ పిల్ల 200 మీటర్లు గెలిచింది. ఓడిన పిల్ల తరఫువాళ్ళు "అది మగపిల్లోడు, చెక్ చేయండి" అని గోల పెట్టారు. నిర్వాహకులు ఆ పిల్లను స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్ళబోయారు. మేం ఇద్దరు టీచర్లం తలుపుకు అడ్డం నిలబడి ఆపాం. ఆ పిల్ల ట్రాన్స్ కాదు, ఏమీ కాదు. జుట్టు లేదు, బాగా పరిగెత్తింది, అంతే. మళ్ళీ ఏ మీట్‌కూ రాలేదు.

ఇలాంటి అనుమానం పెద్ద పెద్ద వాళ్ళ బతుకులనే తిప్పేసింది. తమిళనాడు పల్లెపిల్ల శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిస్తే, ఆడా మగా తేల్చే పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. ఒడిశా పరుగుల అమ్మాయి ద్యుతి చంద్‌ను, ఒంట్లో సహజంగానే టెస్టోస్టెరాన్ ఎక్కువుందన్న నియమం చూపి, 2014లో కామన్వెల్త్ క్రీడలకు ముందు జట్టులోంచి తప్పించారు. ఆమె క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి, 2015లో ఆ నియమాన్ని ఆపించి, 2018 జకార్తాలో రెండు రజతాలు తెచ్చుకుంది. ఇద్దరూ ట్రాన్స్ కారు, ఆడపిల్లలుగా పుట్టి పెరిగినవాళ్ళే. మహిళల విభాగాన్ని కాపాడతామని బయలుదేరి ఆడపిల్లల బట్టలు విప్పించే దాకా పోతే మనం కాపాడేది ఏముంది?

కాబట్టి అభ్యంతరం ఎవరిదైనా కాగితం మీద, సంతకంతో, హీట్స్ మొదలయ్యే లోపే ఇవ్వాలి. తీసుకునేది ఒక్కరే, అదీ ఆడ టీచర్. ఆమె చూసేది ఎంట్రీతో ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ లేదా స్కూలు టీసీ మాత్రమే. అది సరిపోయిందంటే మాట అక్కడితో అయిపోయినట్టే. పందెం అయ్యాక వచ్చే అరుపులు తీసుకోకండి. కాగితాలు ఆమె బ్యాగులోనే ఉండాలి. కమిటీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టినవాడిని ఆ రోజే కమిటీలోంచి తీసేయండి.

ఎంట్రీ ఫారంలో "మైకులో పిలవాల్సిన పేరు" అని ఒక గీత పెట్టండి. ఆధార్‌లో పాత పేరు ఉండొచ్చు, అది మైకులో చదివితే ఆ అమ్మాయి పరుగు అక్కడే పోతుంది. మైకు పట్టుకునే కుర్రాడిని పక్కకు పిలిచి, జోకులు వద్దని ముందే గట్టిగా చెప్పండి. మా పక్క జిల్లా సంతెకుడ్లూరులో హోళీకి మగవాళ్ళు చీరలు కట్టి రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. ఊరంతా భక్తిగా చూస్తుంది. అది పండగనాటి మొక్కు, ఈ అమ్మాయిది రోజూ బతికే బతుకు. మొక్కుకు ఇచ్చే మర్యాద బతుక్కి ఇవ్వలేమా? బట్టలు మార్చుకోవడానికి లోపల గడియ ఉన్న గది ఒకటి, ఎవరైనా వాడుకునేలా, తాళంచెవి టీచరమ్మ దగ్గర పెట్టండి.

ట్రాన్స్ అబ్బాయిల గురించి, అంటే ఆడపిల్లగా పుట్టి అబ్బాయిగా బతికేవాళ్ళ గురించి ఎవరూ అడగరు కానీ వాళ్ళూ ఉన్నారు. టెస్టోస్టెరాన్ మొదలుపెట్టని వాళ్ళు మహిళల విభాగంలో ఆడవచ్చు. మొదలుపెడితే ఓపెన్‌లోకి మారాలి. అది డోపింగ్ జాబితాలో ఉన్న మందు కూడా. డోప్ పరీక్ష ఉండే మీట్లకు వెళ్ళాలనుకుంటే, వైద్య అవసరానికి వాడుతున్నట్టు ముందే అనుమతి తెచ్చుకోవాలని చెప్పండి.

మీట్ అయ్యాక సర్టిఫికెట్ మీద టైమింగ్, దూరం తప్పకుండా రాయండి, ఒట్టి "పాల్గొన్నారు" అని వదిలేయొద్దు. వచ్చే ఏడాది ఆమె తన టైమింగ్ తనే దాటాలంటే ఆ అంకె చేతిలో ఉండాలి. అభ్యంతరాల కాగితాలు, వాటి మీద తీసుకున్న నిర్ణయాలు ఒక కవరులో పెట్టి సీలు వేసి, వచ్చే ఏడాది ఎంట్రీలు చూసే టీచరమ్మకు అప్పగించండి.