విల్లు విరిగిందా? ముందు ఆ మానును గుర్తు చేసుకోండి

విల్లు విరిగితే అందరూ మొదట తమ చేతినే తిట్టుకుంటారు, ఎక్కడో ఎక్కువ గీకేశాననో, తాడు మరీ లాగేశాననో. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. విరిగిన నాలుగు వింటిబద్దల్నీ ఒకరోజు వరండాలో పక్కపక్కన పెట్టి చూశాను. మూడింట్లో తప్పు చెక్కేటప్పుడు కాదు, మాను ఎంచుకున్నప్పుడే జరిగిపోయింది.

వీపు మీద పేడు లేస్తోంది

వీపు అంటే విల్లు పట్టుకున్నప్పుడు మనకు అవతల ఉండే పక్క, లాగితే సాగేది అదే. మనవైపుది పొట్ట, అది నలుగుతుంది. వీపు మీద కొంచెం దూదిని చివరి నుంచి చివరికి నిమిరి చూడండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ కంటికి కనబడని పేడు లేచినట్టే, ఇంక ఆ విల్లు ఎక్కుపెట్టొద్దు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కర్రలో పీచు బద్ద పొడవునా పోకుండా మధ్యలో పక్కకు జారి బయటికి వచ్చేసింది. టింబర్ డిపోలో కోయించిన పట్టెల్లో ఇది మామూలే, రంపం నేరుగా పోతుంది గానీ పీచు ఎటు పోతోందో చూడదు. అందుకే దుంగను కోయించకుండా, ఇనుప చీలలు దిగ్గొట్టి చీల్చుకోవాలి. చీలిక తనంతట తనే పీచు వెంట పోతుంది.

నిలబడున్న చెట్టులోనే ఇది చాలావరకు తెలుస్తుంది. బెరడు మీది గీతలు నిలువుగా పైకి పోతున్నాయా, పేనిన తాడులా చుట్టు తిరుగుతున్నాయా చూడండి. తిరుగుతుంటే లోపల పీచు కూడా తిరిగినట్టే, ఆ బద్దతో చేసిన విల్లు ఎంత సరిచేసినా మెలి పడుతుంది. కనీసం ఆరడుగుల పొడవు, ఐదంగుళాల మందం, మధ్యలో కొమ్మ మొలవని బోదె కావాలి. చింత, వేప గట్టివే, మా పొలం గట్టున ఎన్నో ఉన్నాయి, అయినా వాటిలో పీచు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటుంది, చీల్చబోతే ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది. రోకలికి, దుడ్డుకర్రకు చింత మంచిదే, వింటికి మాత్రం వద్దు.

మా తిరుపతి పక్కనే శేషాచలం అడవి ఉంది కదా అని మాత్రం కొండెక్కకండి. అందులో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989 నుంచి ఉంది, అక్కడ ఒక కొమ్మ విరిచినా నేరమే. ఎర్రచందనం సంగతి చెప్పక్కర్లేదు, పైగా కొన్ని మానుల్లో దాని పీచు కూడా అలలు అలలుగా ఉంటుంది. సొంత పొలంలో మానైనా కొట్టేముందు అటవీ శాఖ ఆఫీసులో అడగండి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. వెదురుకు ఇంత టెన్షన్ లేదు. అడవి కాని భూమిలో పెంచిన వెదురును 2017లో కేంద్రం చెట్ల లెక్కలోంచి తీసేసింది. మొదటిసారి చేసేవాళ్లకు నేను గట్టి వెదురునే చెబుతాను, మొదలు దగ్గర లోపల దాదాపు బోలు లేనిది.

వెదురు బద్ద కింద పసుపు పిండి రాలుతోంది

పుప్పి పట్టింది. బద్దను నేల మీద తడితే సన్నని పొడి రాలుతుంది, సూదిమొన అంత చిల్లులు కనిపిస్తాయి. లేత వెదురు కొట్టినా, వానాకాలంలో కొట్టినా ఇదే జరుగుతుంది, లోపలి పిండి పదార్థమే పురుగుకు తిండి. మా దగ్గర నవంబరు, డిసెంబరు దాకా వానలుంటాయి కాబట్టి సంక్రాంతి దాటాక కొట్టండి. మూడేళ్లు నిండిన బొంగు కావాలి. ఈ ఏడు మొలిచినదానికి కణుపుల దగ్గర పొర ఇంకా అంటుకుని ఉంటుంది, ఒంటి మీద తెల్లని పొడి ఉంటుంది. ముదిరినదాని రంగు మాసి ఉంటుంది, మచ్చుకత్తి వెనకవైపుతో కొడితే టంగుమంటుంది.

పుప్పి పట్టిన బద్దను బాగుచేసే పని పెట్టుకోకండి, మిగతావాటికి అంటకుండా పొయ్యిలో పెట్టేయండి. కొత్తది చెక్కేటప్పుడు పైతోలు వైపే వీపు ఉండాలి. గట్టి పీచంతా అక్కడే ఉంటుంది, అందుకే దాని మీద కత్తి పడనివ్వొద్దు.

తాడు తీసినా విల్లు వంగే ఉంది

పచ్చి కర్ర. ఆరిందని మనం అనుకున్నాం, అంతే. చేత్తో పట్టుకుని చూస్తే తెలియదు, వారానికోసారి కాటా మీద తూచి కాగితం మీద రాసుకోండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే అప్పుడు ఉలి పట్టండి. అంగుళం మందానికి ఏడాది పడుతుందని పెద్దల లెక్క, చీల్చి సన్నగా చేసుకుంటే త్వరగా ఆరుతుంది. తొందరపడి తిరుపతి మే ఎండలో పెడితే మాత్రం చివరల నుంచి బీటలు లోపలికి పాకుతాయి. కొట్టిన రోజే రెండు చివరలకూ ఫెవికాలో పాత పెయింటో మందంగా పూసి, నీడలో, గాలి ఆడే అటక మీద పడుకోబెట్టండి.

పొట్ట మీద అడ్డంగా సన్నని ముడత

వెంట్రుకంత ఉంటుంది, గోటితో రాస్తే తగులుతుంది. ఆ ఒక్క చోట కర్ర నలిగిపోయింది. సాధారణంగా అక్కడే ఎక్కువ వంగుతోందని అర్థం. ఆ చోట ఇంక ముట్టుకోకుండా దానికి అటూ ఇటూ కొంచెం గీకి వంపును పంచండి. ముడత ఇంకా లోతవుతుంటే ఆ కర్రకు అంత బలం లేదు, ఆ విల్లును పిల్లాడు లాగేంత మెత్తగా తగ్గించి ఇంట్లో పిల్లలకు ఇచ్చేయండి.