కమ్యూనిటీ కాలేజీ మీదుగా యూసీ డిగ్రీ: ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

“కమ్యూనిటీ కాలేజీయా? మార్కులు రాలేదా?” కాలిఫోర్నియాలో నలుగురు తెలుగువాళ్లు భోజనాలకు కలిసినచోట ఈ ప్రశ్న తప్పదు. అడిగేవాళ్లను అడగనిచ్చి, మీరు లెక్క చూసుకోండి. కమ్యూనిటీ కాలేజీ అంటే మొదటి రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివి, తర్వాత యూనివర్సిటీకి మారే వీలున్న ప్రభుత్వ కాలేజీ. అక్కడ స్థానికులకు యూనిట్‌కు (కోర్సు ఎంత పెద్దదో చెప్పే కొలత) ఫీజు 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కు, అంటే అలా మారడానికి, కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీలో, స్థానికులకు ఒక్క ఏడాది ఫీజే 14 వేల డాలర్లు దాటుతుంది. ఇంటి నుంచే వెళ్లివస్తే గది అద్దె కూడా మిగులుతుంది. చివరికి చేతికొచ్చే పట్టా మీద యూసీ పేరే ఉంటుంది.

ముందుగా మీరు స్థానికుల కింద వస్తారో లేదో తేల్చుకోండి. రాష్ట్రంలో ఏడాదికి పైగా స్థిరంగా ఉన్నట్టు కాగితాలు చూపాలి. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకూ ఈ అర్హత దొరుకుతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవారికి ఫీజు ఎన్నో రెట్లు, కాబట్టి వాళ్లు పై లెక్కను నమ్ముకోకూడదు.

తర్వాతిదే అసలు పని: చివరి నుంచి వెనక్కి రావడం. ఏ యూసీలో ఏ సబ్జెక్టు చదవాలో మొదటి నెలలోనే అనుకుని, ఏ కాలేజీ కోర్సు ఏ యూసీ కోర్సుకు సరిపోతుందో చూపే అసిస్ట్ డాట్ ఆర్గ్ వెబ్‌సైటు తెరవండి. మీ కాలేజీ, చేరదలచిన యూసీ, సబ్జెక్టు ఎంచుకుంటే ఎడమవైపు యూసీ కోర్సు, దానికెదురుగా మీ కాలేజీలో సరిపోయే కోర్సు కనిపిస్తాయి. ఆ పట్టిక ప్రింటు తీసుకుని, కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే కాలేజీ కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి. పట్టికలో లేని కోర్సులు సరదాగా తీసుకుంటూ పోతే రెండేళ్ల చదువు మూడేళ్లవుతుంది, మిగిలిందంతా అందులోనే పోతుంది.

మధ్యలో కాలేజీ మారకండి. డి ఆంజా వంటి క్వార్టర్ కాలేజీలో, అంటే చదువుల ఏడాదిని మూడు భాగాలు చేసేచోట, కాలిక్యులస్ నాలుగు కోర్సులు. రెండు భాగాలు చేసే సెమిస్టర్ కాలేజీలో సాధారణంగా మూడే. సగంలో మారితే చదివిన పాఠమే మళ్లీ చదవాల్సి రావచ్చు.

కోర్సుల జాబితాలో ‘పుస్తకాల ఖర్చు లేదు’ అనే గుర్తున్న తరగతులుంటాయి, వాటికి ముందుగా నమోదు చేసుకోండి. పిల్లలు ఇంకా హైస్కూల్లోనే ఉంటే, ప్రిన్సిపాల్ సంతకంతో ఇప్పుడే ఒకటి రెండు కోర్సులు చదివించవచ్చు. చాలాచోట్ల వాటికి ఫీజు ఉండదు.

రెండో ఏడాది సెప్టెంబరు 1 నుంచి 30 లోపు ‘టాగ్’ దరఖాస్తు పెట్టాలి. నిర్ణీత మార్కులు, కోర్సులు ఉంటే సీటు ఖాయమని యూసీ ఇచ్చే హామీ ఇది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లలో ఒక్కదానికే పెట్టగలరు. మనవాళ్లు ఎగబడే కంప్యూటర్ సైన్స్‌కు కొన్ని క్యాంపస్‌లు ఈ హామీ ఇవ్వవు, ముందే చూసుకోండి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలకు టాగ్ లేదు. మామూలు పోటీలోనే వెళ్లాలి. టాగ్ పెట్టినా యూసీ దరఖాస్తు విడిగా పెట్టాల్సిందే.

హామీ వచ్చాక, చదువుతానని దరఖాస్తులో రాసిన కోర్సును మధ్యలో వదిలేస్తే సీటుకే ఎసరు. వదలక తప్పదనిపిస్తే ముందు కౌన్సెలర్‌ను కలవండి.