ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు రాజకీయ పార్టీల మాటను పరీక్షించి చూడడం ఎలా?

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల ఉండేవారికి ఎన్నికలు వచ్చాయంటే రెండు రాష్ట్రాల మైకులూ ఒకేసారి వినిపిస్తాయి. 2024 మే 13న బరంపురం, కోరాపుట్ లోక్‌సభ స్థానాలకూ, వాటి పరిధిలోని శాసనసభ స్థానాలకూ పోలింగు జరిగిన రోజే ఆంధ్రప్రదేశ్ అంతటా కూడా ఓట్లు పడ్డాయి. ఆ నెల రోజులూ మా ఊళ్లోకి వచ్చిన ప్రచార ఆటోలు తెలుగులోనే మాట్లాడాయి. ఇంటింటికీ పంచిన కరపత్రాలూ తెలుగులోనే ఉన్నాయి. ఫలితాలు వచ్చాక ఆఫీసుల నుంచి అందే కాగితాలు మాత్రం ఒడియాలో ఉంటాయి. మన భాషలో అడిగి ఓటు తీసుకున్నవారి మాట పని జరిగే చోట ఏమైందో మనమే వెంటపడి చూసుకోవాలి. అందుకు నేను పాటిస్తున్న పద్ధతిని వివరిస్తాను.

మొదట, ఏ ఎన్నికలో పార్టీ పైకి కనిపిస్తుందో, ఏ ఎన్నికలో కనిపించదో తెలుసుకోండి. ఒడిశాలో వార్డు మెంబరు, సర్పంచి, సమితి మెంబరు పదవులకు పార్టీ గుర్తులు ఉండవు. జిల్లా పరిషత్తు సభ్యుల ఎన్నిక మాత్రం పార్టీ గుర్తుల మీదే జరుగుతుంది. 2022 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలు కూడా ఈ పద్ధతిలోనే జరిగాయి. అయితే గుర్తు లేనంత మాత్రాన పార్టీ లేదనుకోకూడదు. సర్పంచి అభ్యర్థి వెంట ఎవరు తిరుగుతున్నారో ఊరందరికీ తెలుసు. పని జరగనప్పుడు మాత్రం 'నేను ఏ పార్టీవాణ్ణీ కాను' అని ఆయన, 'ఆయన మా గుర్తు మీద గెలవలేదు' అని పార్టీవారు తప్పుకుంటారు. అందుకే ఆయనకు ఎవరి మద్దతు ఉందో ప్రచారం రోజుల్లోనే నలుగురి ఎదుట అడిగి, ఆ జవాబు రాసిపెట్టుకోవాలి.

రెండో పని ఆ రాసిపెట్టుకోవడమే. ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీకి ఒక్క హామీ చొప్పున, చెప్పిన తేదీ, చోటు, చెప్పినవారి పేరు, వీలైనంతవరకు వారి మాటల్లోనే రాయండి. కరపత్రం దొరికితే దాన్నే అంటించండి. నా పుస్తకంలో అంటించిన ఒక కరపత్రం మడతల దగ్గర చిరిగిపోతే వెనుక టేపు వేసి ఉంచాను. అందులోని మూడో హామీ మా వీధి చివర ఉన్న మురుగుకాలువకు సిమెంటు గోడలు కట్టిస్తామన్నది. వానలు పడితే ఆ కాలువ గట్టు ఇప్పటికీ జారి ఇళ్ల ముందుకు బురద తెస్తోంది.

హామీ కిందే, ఆ పని ఎవరి చేతిలో ఉందో కూడా రాయాలి. నా దృష్టిలో ఈ పద్ధతి అంతటిలో ముఖ్యమైనది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. మురుగుకాలువ పంచాయతీది. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైలు కేంద్రానిది. ఆ మార్గంలో కొత్త రైలు వేయిస్తానని సర్పంచి అభ్యర్థి చెబితే, అది ఆయన తీర్చగల మాట కాదు. వంశధార నీటి సంగతి ఇంకా చిక్కైనది. రెండు రాష్ట్రాల తగవు తీర్చడానికి 2010లో ఏర్పాటైన ట్రైబ్యునల్, ఆ నది మీద ఆంధ్రప్రదేశ్ కట్టదలచిన నేరడి బ్యారేజీకి అనుమతిస్తూ 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. అటువంటి నది గురించి ఈ ఒడ్డున ఒక పార్టీ, ఆ ఒడ్డున మరో పార్టీ వేర్వేరు మాటలు చెబుతుంటే, 'అవతలి రాష్ట్రంతోనూ కేంద్రంతోనూ మీరు ఏం మాట్లాడారు, ఎప్పుడు మాట్లాడారు?' అన్నదే అడగవలసిన ప్రశ్న. మేనిఫెస్టోలో ఇచ్చే హామీలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. దాన్ని గుర్తుచేసి అడగడానికి జంకనవసరం లేదు.

మూడోది, మనిషినీ పార్టీనీ కలిపి చూడడం. 'అభ్యర్థి మంచివాడు, పార్టీతో మనకేం పని?' అనే మాట మన పల్లెల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ మాట అనేవారి మంచితనాన్ని నేను శంకించను గాని, సభలోకి వెళ్లాక ఆ మంచివాడు పార్టీ విప్‌కు, అంటే ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, కట్టుబడాలి. ఫిరాయింపులను అరికట్టడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం, ముందు అనుమతి లేకుండా విప్‌కు వ్యతిరేకంగా ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. ఒక్క ఓటుకు ఎంత బరువు ఉంటుందో మన ప్రాంతం దగ్గరగా చూసింది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో 269–270 తేడాతో ఓడినప్పుడు, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయి కూడా కోరాపుట్ ఎంపీ పదవిని వదులుకోని గిరిధర్ గమాంగ్ వేసిన ఓటు మీద దేశమంతా చర్చ జరిగింది. అభ్యర్థిని కలిసినప్పుడు ఆయన ఉద్దేశంతో పాటు, ఆ విషయంలో పార్టీ ఇంతకుముందు సభలో ఎటు ఓటు వేసిందో కూడా అడగండి.

అభ్యర్థి ఆస్తులు, అప్పులు, పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు, చదువు నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దాన్ని ఎవరైనా చూడవచ్చు. కేసులున్న వ్యక్తిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీ కారణం ప్రకటించాలనీ, గెలిచే అవకాశం ఒక్కటే కారణంగా చెల్లదనీ సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఖర్చు విషయానికి వస్తే, పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థికి 40 లక్షల రూపాయల పరిమితి ఉంది గాని, పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు.

బంధువులు ఆంధ్రలోని పాతపట్నం వైపు ఉన్నవారు ఓటర్ల జాబితాను కూడా సరిచూసుకోవాలి. రెండు చోట్ల పేరు ఉండడం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టానికి విరుద్ధం. పెళ్లయి వచ్చిన ఆడపిల్లల పేర్లు పుట్టింట్లో అలాగే ఉండిపోవడం సర్వసాధారణం. ఇల్లు మారినవారు ఫారం 8 ఇవ్వాలి. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొటియా పల్లెల వంటి చోట్ల రెండూ ఓటర్ల కార్డులు ఇచ్చి రెండు వైపులా ఓట్లు అడుగుతున్నాయి. ఆ తప్పును ఆ గిరిజనుల మీద మోపడం న్యాయం కాదు.

ఎన్నికలు అయిపోయిన ఆరు నెలలకు నోటుపుస్తకం తెరవండి. కదలని పని గురించి సంబంధిత ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో దీనికి ఫారం ఏ వాడాలి, రుసుము 10 రూపాయలు, సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఒడియాలోగాని ఉండాలి. రాయలేనివారు నోటితో చెబితే రాసుకోవడానికి సాయం చేయవలసిన బాధ్యతను చట్టం ఆ ఆఫీసులోని సమాచార అధికారికే అప్పగించింది. ఈ సంగతి మన పెద్దవాళ్లకు ఎవరూ చెప్పరు. పార్టీ ఆఫీసుకు మాత్రం ఈ దరఖాస్తు పనికిరాదు. ఆరు జాతీయ పార్టీలు ఈ చట్టం పరిధిలోకి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013లో చెప్పినా, అవి దాన్ని అమలు చేయలేదు.

చివరిది పల్లీసభ, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభ. పార్టీల బలం ఎంతున్నా ఊరు కూర్చుని చెప్పిన మాటకు ఎంత విలువ ఉంటుందో రాయగడ, కలహండి జిల్లాలు చూపించాయి. నియమగిరి బాక్సైట్ గనుల సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పాక, రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం 12 పల్లెల సభలు గనులు వద్దని తీర్మానించాయి. మన పల్లీసభ ముందుకు అంత పెద్ద విషయం రాకపోవచ్చు. అయినా అది ఏటా ఫిబ్రవరిలో జరగవలసిన సభ. కనుక జనవరిలోనే వార్డు మెంబరును తేదీ అడగండి, నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి, పార్టీ హామీ ఇచ్చిన పనిని పేరుపెట్టి తీర్మానంలో రాయించండి. రిజిస్టరు ఒడియాలో ఉంటుంది కాబట్టి, రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించమని అడిగి, విన్నాకే సంతకమో వేలిముద్రో వేయండి. తీర్మానం నెంబరు, తేదీ ఆ హామీ ఉన్న పేజీలోనే ఎక్కించి, ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారి ముందు ఆ పేజీ పెట్టండి.