పైన తడి, కింద పొడి: మా డాబా మీది పైపు తోట

విజయవాడ భవానీపురంలో మా డాబా మీద చోటు తక్కువ. అందుకే 6 అంగుళాల పీవీసీ పైపు నిలబెట్టి, హాక్సా బ్లేడుతో అడ్డంగా గాట్లు కోసి, హీట్ గన్‌తో మెత్తబరిచి, గాజుసీసా మెడ దూర్చి జేబుల్లా వంచాను. (ఆ పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయండి.) పుదీనా, పాలకూర పెట్టాను.

పది రోజులకే పై వరస కళకళ, కింది వరస వరిగడ్డి. నీళ్లు ఎక్కువ పోస్తే జేబుల్లోంచి బురద. "ఇది తోటా, మురుగ్గొట్టమా?" అంది మా ఆవిడ.

విప్పి చూస్తే తప్పు నాదే. నింపింది ఉత్త నల్లరేగడి. తడిస్తే జిగటగా బిగుస్తుంది, నీరు దిగదు. ఎండితే పైపును వదిలేస్తుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి.

ఈసారి కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు చెరిసగం, గుప్పెడు మట్టి. నీళ్లు పోయడానికి మధ్యలో అడుగు మూసిన అంగుళం పైపు, దానికి సన్న బెజ్జాలు, మట్టి దూరకుండా పాత దోమతెర చుట్టు. మొదట బెజ్జాలు అంతటా ఒకేలా పెడితే నీళ్లన్నీ అడుగునే కారాయి. కింది సగంలో నాలుగింట మూడు ఎంసీల్‌తో మూసేశాక అన్ని జేబులూ తడిశాయి.

రోహిణీ కార్తె ఎండకు మాత్రం పైపుకి తెల్ల సున్నం, పైన గ్రీన్ నెట్ తప్పలేదు. పాలకూర అప్పటికీ నిలవలేదు, పుదీనా నిలిచింది.