నెపోలియన్ యుద్ధాల కాలపు బ్రిటిష్ సైనికాధికారి ఉద్యోగ చరిత్రను వెలికితీయడం ఎలా?

నెపోలియన్ యుద్ధాల కాలంలో పనిచేసిన బ్రిటిష్ అధికారి ఒకరి ఉద్యోగ చరిత్రను రాయదలచినవారు, ఆయన రాజు సైన్యంలో ఉన్నారా లేక ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉన్నారా అన్నది ముందుగా తేల్చుకోవాలి. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి, 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన థామస్ మన్రో కంపెనీ సైన్యానికి చెందినవారు. అటువంటివారి పత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు రికార్డులలో ఉంటాయి. రాజు సైన్యంవారి పత్రాలను బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతకాలి.

రాజు సైన్యపు అధికారి విషయంలో ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజిట్‌తో, అధికారుల పేర్ల జాబితాగా ఏటా అచ్చయిన ఆర్మీ లిస్టుతో పని మొదలుపెట్టండి. ప్రతి నియామకానికీ తేదీ, పటాలం, హోదా, ఎవరి స్థానంలో వచ్చారు, పదవిని కొన్నారా లేదా అన్న వివరాలను వరుసగా రాసుకోండి. చివరి వివరం చాలా ముఖ్యం. సాధారణ పదాతి దళంలో అధికారులలో అట్టడుగు హోదా అయిన ఎన్సైన్ పదవి అధికారిక ధర 400 పౌండ్లు, లెఫ్టినెంట్ కర్నల్ పదవి ధర 3,500 పౌండ్లు కాబట్టి, త్వరగా పైకి వచ్చినంత మాత్రాన ప్రతిభావంతుడని రాయకూడదు. ఫిరంగి దళంలోనూ ఇంజనీర్ల దళంలోనూ మాత్రం పదవుల అమ్మకం లేదు.

తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్‌గా పేరొందిన ఆర్థర్ వెల్లెస్లీనే తీసుకోండి. 1787 మార్చిలో 73వ పటాలంలో ఎన్సైన్‌గా చేరి, మధ్యలో 76, 41, 58వ పదాతి పటాలాలలోను, రెండు అశ్విక పటాలాలలోను ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ, 1793 సెప్టెంబరు నాటికి 33వ పటాలానికి లెఫ్టినెంట్ కర్నల్ అయ్యారు. 73వ పటాలం అప్పుడు భారతదేశంలో ఉన్నందున, జాబితాను మాత్రమే నమ్మినవారు ఆయన 1787లోనే ఇక్కడికి వచ్చారని రాసేస్తారు. నిజానికి ఆయన ఆ పటాలంతో భారతదేశానికి రానేలేదు. తర్వాత డబ్లిన్‌లో, ఐర్లండ్‌లో రాజప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్‌కు ఎయిడ్-డి-క్యాంప్‌గా (అంగరక్షక సహాయాధికారిగా) పనిచేశారు. కలకత్తా చేరింది 1797లో. అందుకే మస్టరు పుస్తకాలు, జీతాల పట్టీలు చూడకుండా ఎవరినీ ఏ యుద్ధభూమిలోనూ నిలబెట్టవద్దు. పటాలం ఎక్కడుందో, అధికారి హాజరయ్యారో లేదో తెలిపేవి అవే.

హోదాకు రెండు గడులు పెట్టుకోండి: పటాలంలో హోదా ఒకటి, బ్రెవెట్ ద్వారా, అంటే పటాలంలో పదవి మారకుండానే, సైన్యంలో లభించిన హోదా మరొకటి. 1796లో వెల్లెస్లీ బ్రెవెట్ కర్నల్ అయినా, పటాలంలో లెఫ్టినెంట్ కర్నల్‌గానే ఉన్నారు. సగం జీతంపై (పనిలో లేకుండా భృతి పొందుతూ) ఉన్నవారి జాబితాలో పేరు కనిపిస్తే, ఆ కాలాన్ని క్రియాశీల సేవగా లెక్కించవద్దు.

1809-10లోను, 1828-29లోను అధికారుల నుంచి సేవా వివరాలు సేకరించారు. రెండోసారి సేకరించిన వాటిలో వివాహం, సంతానం సంగతులు కూడా ఉండటం వల్ల అవి కుటుంబ చరిత్రకు పెన్నిధి. అయితే పాత తేదీలను జ్ఞాపకం మీద రాసి ఉండవచ్చు కనుక గెజిట్‌తో సరిచూడాలి.

పతకాల జాబితాలను చివరగా చూడండి. వాటర్లూ పతకం ఆ పోరులో పాల్గొన్న అన్ని హోదాలవారికీ ఇచ్చారు. మిలిటరీ జనరల్ సర్వీస్ మెడల్‌ను మాత్రం 1847లో ప్రకటించి, అప్పటికి బతికి ఉండి దరఖాస్తు చేసుకున్నవారికే ఇచ్చారు కాబట్టి, అందులో పేరు లేకపోవడం స్పెయిన్, పోర్చుగల్ యుద్ధాలలో లేరనడానికి రుజువు కాదు.